పిన్ని అనకూడని పిన్ని

"ఆవిడ పోయారు మేడమ్" అంది నాంచారి ఫోన్‌లో.

కాలేజీకి బయల్దేరుతూ తలుపు తాళం వేస్తున్నాను. ఎవరు, ఏ ఆవిడ అని అడగబోయి ఆగిపోయాను. నాంచారికి 'ఆవిడ' అంటే ఒక్కరే. ఆ ఒక్క మనిషికి ఆ పిల్ల నోట ఇంకో పిలుపు లేకుండా పోవడంలో నా చెయ్యి ఉంది కాబట్టి, ఎవరని అడిగే అర్హత నాకు లేదు.

"ఎప్పుడమ్మా?"

"తెల్లారుజామున. టీ పెట్టి ఇచ్చాను, తాగలేదు. మీకు చెప్పమని ఆవిడేం అనలేదు. నాకే చెప్పాలనిపించింది."

గుడివాడ నుంచి బందరు బస్సులో కూర్చున్నాక కూడా ఆ చివరి మాటే చెవుల్లో తిరిగింది. అందులో నిష్ఠూరం ఉందా, లేదా అని దారంతా ఆలోచించాను. ఉంటే బాగుండుననిపించింది.

బందరు పక్కన గిలకలదిండి రేవులో, రొయ్యలు ఒలిచే షెడ్డులో, పాతికేళ్ళు ఐసులో చేతులు పెట్టుకుని బతికిన మనిషి గురించి ఇది. నేను ఇందులో ఆవిడను పిన్ని అనే రాస్తాను. నాకు ఆవిడ ఏ రకంగానూ పిన్ని కాదు. వయసులో పదేళ్ళు పెద్ద, అంతే. కానీ మనవైపు ఎవరు ఎవర్ని పేరుపెట్టి పిలుస్తారు? బస్సులో పక్కసీటాయన బాబాయి అవుతాడు, కూరగాయల గంప దింపుకునే ఆవిడ అత్త అవుతుంది. నీకూ నాకూ రక్తం ఏమిటని ఎవరూ అడగరు. అడిగిన చోట ఏం జరిగిందో చెప్పడానికే ఇదంతా.

తొంభైల మధ్యలో నేను గుడివాడలో పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థలో ఉద్యోగంలో చేరాను. యూనివర్సిటీలో సోషియాలజీ ఎమ్మే చేసి, ఏడాది ఖాళీగా ఉన్నాక దొరికిన మొదటి ఉద్యోగం. తల్లీతండ్రీ లేని పిల్లల్ని హాస్టల్లో వెయ్యకుండా ఏదో ఒక ఇంట్లో పెరిగేలా చూడటం, పెంచుకునేవాళ్ళకు నెలనెలా కొంత సాయం అందించటం మా పని. మంచి పథకం. ఇప్పటికీ అదే అంటాను. దానికి ఒకటే షరతు ఉండేది. పెంచేవాళ్ళు ఆ పిల్లకు చుట్టాలై ఉండకూడదు.

"సొంత మేనకోడల్ని పెంచుకోడానికి జీతం ఇస్తామా అమ్మా?" అనేవారు మా డైరెక్టరు గారు. "అట్లా మొదలుపెడితే రేపు కన్నతల్లి కూడా వచ్చి చెయ్యి చాపుతుంది."

నాకు అది సబబుగానే తోచింది. చుట్టరికం అంటే బాధ్యత, బాధ్యతకు డబ్బిస్తే అది పాడైపోతుంది. ఇలాంటి మాటలు నేను కూడా ఒకటి రెండుసార్లు మీటింగుల్లో చెప్పాను.

నాంచారికి అప్పుడు ఆరేళ్ళు. అంతకుముందే తండ్రి వేటకెళ్ళిన బోటు తిరిగి రాలేదు. తల్లి ఆ తర్వాతి ఏడు కామెర్లతో పోయింది. తల్లీ, పిన్నీ షెడ్డులో పక్కపక్కనే కూర్చుని రొయ్యలు ఒలిచేవాళ్ళు, వాళ్ళ మధ్య ఉన్న సంబంధం అంతే. తల్లికి కోడూరులో ఒక తమ్ముడు ఉన్నాడు. పెద్దకర్మకు వచ్చి భోజనం చేసి, పిల్లను తీసుకెళ్ళమంటే "ఆడపిల్ల కదండీ, మా ఆవిడను ఒకమాట అడిగి చెప్తాను" అని వెళ్ళాడు. నాలుగేళ్ళు అడుగుతూనే ఉన్నాడు.

"నేనేం తెచ్చుకోలేదమ్మా" అనేది పిన్ని. "ఆ రోజు పిల్ల నా కొంగు మీద పడుకుని నిద్రపోయింది. లేపితే ఏడుస్తదని లేపలేదు. అంతే."

పిన్నికి పిల్లలు లేరు. మొగుడు తాగి తాగి పోయాడు. తాటాకు ఇల్లు, ఒక మంచం, గోడకు దేవుడి పటం ఒకటి. ఆవిడకున్న పట్టుదల కూడా ఒకటే: నాంచారి చేతులు ఐసులో పెట్టకూడదు. రొయ్యలు ఒలిచేవాళ్ళ చేతులు చూశారో లేదో మీరు. రోజంతా ఐసు నీళ్ళలో నాని వేళ్ళ సందులు తెల్లగా ఉబ్బుతాయి. రొయ్య తలమీద కొమ్ము గుచ్చుకున్నచోట చీము పడుతుంది. గోళ్ళు చివర్ల నుంచి కరిగిపోతాయి. ఇంటికొచ్చాక పిన్ని నిమ్మడిప్పతో, బూడిదతో చేతులు తోముకునేది. అయినా వాసన పోలేదని పిల్ల పుస్తకాల్ని చేత్తో ముట్టుకునేది కాదు. చదువు రాదు గానీ నాంచారి పక్కన కూర్చుని తెలుగు వాచకంలో బొమ్మలు చూసేది, పేజీలు మోచేత్తో తిప్పేది. ఆ మోచేతి తిప్పుడు చూసి మొదట్లో నవ్వాను కూడా.

మేమిచ్చే డబ్బు వల్లనే ఆ పట్టుదల సాగుతోంది. పొద్దున్నే పిల్ల బడికి, పిన్ని షెడ్డుకి. డబ్బు ఆగితే ఇద్దరూ షెడ్డుకే. ఈ సంగతి ఆవిడకు తెలుసు, నాకూ తెలుసు.

మొదటి ఏడాది చివర్లో రిపోర్టు రాయడానికి వెళ్ళాను. అచ్చు ఫారం. పెంచే వ్యక్తి పేరు, వయసు, ఆదాయం, ఆ తర్వాత 'బిడ్డతో సంబంధం' అని ఒక గడి. నేను నాంచారిని దగ్గరకు పిలిచి, "ఈవిడ నీకేమవుతారమ్మా?" అని అడిగాను.

"పిన్ని" అంది.

'పిన్ని' అని రాశాను. అంత మామూలుగా రాశాను. ఎమ్మేలో బంధుత్వాల పేపరులో మా బ్యాచ్‌లో నాకే ఎక్కువ మార్కులు. రక్తసంబంధం లేనివాళ్ళను కూడా వరసలు కలిపి పిలుచుకునే సమాజాల గురించి ఆరు పేజీల జవాబు రాసినదాన్ని. నేను కూడా ఆ రోజు ఆవిణ్ణి "పిన్నిగారూ, కాసిని మంచినీళ్ళివ్వండి" అని అడిగి తాగి, గ్లాసు కింద పెట్టి, ఆ మాటే గడిలో నింపాను.

డైరెక్టరు గారు ఎర్రసిరాతో 'బంధువు, నిలిపివేయాలి' అని రాసి పంపారు.

"చుట్టం కాదు సార్, వరసకి పిన్ని" అన్నాను.

"వరసకి అంటే చుట్టమే కదమ్మా."

"అంటే, ఊరికే పిలుస్తుంది సార్. మనం కూడా అందర్నీ పిలుస్తాం కదా."

"ఊరికే పిలిస్తే ఊరికే పిలుస్తుందని రాయాలి. పిన్ని అని మీరే రాశారు. కింద సంతకం కూడా మీదే."

డబ్బు నాలుగు నెలలు ఆగింది. ఐదో నెలలో నేను వెళ్ళేసరికి నాంచారి షెడ్డులో పిన్ని పక్కన పీటమీద కూర్చుని ఉంది. ముందు సత్తు బేసిను, అందులో ఐసు. ఏడేళ్ళ పిల్ల చేతులు మణికట్టు దాకా ఎర్రగా ఉన్నాయి. పిన్ని నావైపు చూసి లేవలేదు.

"రండమ్మా, కూచోండి. మీ కాయితం పుణ్యమా అని షెడ్డుకి కొత్త మనిషి వచ్చింది. సగం కూలికే చేస్తంది, మేస్త్రీకి మహా ఇష్టం."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. నేను కాళ్ళ దగ్గర పారుతున్న నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాను.

దీనికి విరుగుడు కూడా నేనే కనిపెట్టాను. 'ఈ బిడ్డకూ నాకూ ఏ రక్తసంబంధమూ, ఏ బంధుత్వమూ లేదు. ఈ బిడ్డ నాకు ఏమీ కాదు' అని ఒక కాయితం రాసి, పిన్ని చేత వేలిముద్ర వేయించాలి. ఏటా వేయించాలి. అయితే అంతటితో అయిపోదు. హెడ్డాఫీసు నుంచి ఒకాయన చెప్పకుండా వచ్చి, పిల్లను అడిగి సరిచూసుకుంటాడు. కాబట్టి పిల్ల ఆ మాట అనకూడదు.

"మరేమనాలండీ?" అంది పిన్ని.

"పేరు పెట్టి పిలవమనండి."

"పెద్దదాన్ని పేరెట్టి పిలుస్తదా? రేవులో నా పరువేం కావాలి?"

"పోనీ, ఆంటీ."

"ఆంటీ అంటే మాత్రం ఇంగిలీషులో పిన్ని కాదా అమ్మా? మీ సారుకి ఆ మాత్రం ఇంగిలీషు రాదా?"

నిజమే. డైరెక్టరు గారికి ఇంగ్లీషు బాగానే వచ్చు.

"అసలు ఏమీ పిలవకపోతేనో" అని నేనే అన్నాను. ఎందుకన్నానో తెలీదు. "ఎవరైనా అడిగితే, ఏమీ కారండీ అని చెప్తే చాలు."

పిన్ని వేలిముద్ర వేసి, ఇంకు అంటిన బొటనవేలు చీరకు తుడుచుకుంటూ నవ్వింది. "కాయితానికి చెవులుండవు కదమ్మా. దానిమీద నేను ఏం కాకపోయినా పర్లేదు. పిల్ల బడికెళ్తే చాలు."

అలా మొదలైంది ఆ ఇంట్లో ఆ బడి. నాంచారి "పిన్నీ" అంటే పిన్ని పలికేది కాదు. ఎదురుగా ఉన్నా సరే. పిల్లకు ఆకలేసినా, జడ ఊడినా, ఆ మాటతో పిలిస్తే గోడవైపు తిరిగి కూర్చునేది. మర్చిపోయి రోజులో రెండోసారి అంటే ఆ పూటకు మాటలు బంద్. ఇంత కఠినంగా ఎందుకు పిన్నిగారూ అంటే, "అరకొరగా నేర్పితే అసలు టైములో నోరు జారుద్దమ్మా. మీవాళ్ళు చెప్పి వస్తారా ఏంటి" అంది. ఆవిడ నాకన్నా బాగా అర్థం చేసుకుంది మా పద్ధతిని.

పిలవకుండా ఏ పిల్లా బతకలేదు. కొన్నాళ్ళకు నాంచారి ఒక మాట వెతుక్కుంది. "ఇదుగోండి." మనవైపు పాతకాలం ఆడవాళ్ళు మొగుణ్ణి పిలిచే పిలుపు. ఆ పిల్ల ఎవరి దగ్గర విన్నదో. షెడ్డు గుమ్మంలో పుస్తకాల సంచీతో నిలబడి, "ఇదుగోండి, బడి వదిలేశారు" అనేది. ఇక షెడ్డు ఆడవాళ్ళకు పండగ.

"ఏమే నాంచారీ, మీ ఆయన కోసమా? ఐసు మోస్తున్నాడు ఉండు."

"మీ ఆయనకి మీసాలు గీయించవే, గుచ్చుకుంటాయి."

పిన్ని కూడా వాళ్ళతో కలిసి నవ్వేది. "మీకేం తెలుసే. నేనూ నా మొగుణ్ణి అట్టాగే పిలిచేదాన్ని. బతికుండగా ఒక్కనాడు పలకలేదు సచ్చినోడు. నేనైతే పలుకుతాగా." అని, నాంచారి వైపు తిరిగి, "ఊఁ, ఏంటి?" అనేది. ఆ "ఊఁ" లో ఎంత గారం ఉండేదో నేను రాయలేను. ఎప్పుడు పిలిచినా అలాగే పలికేది. పిన్ని అన్నప్పుడు తప్ప.

హెడ్డాఫీసు ఆయన రెండో ఏడు వచ్చాడు. జీపులో ఆయన పక్కన నేను. బడికి సెలవు, పిల్ల షెడ్డు బయట ఆడుకుంటోంది. ఆయన లోపల ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని పిన్నిని ఏదో అడుగుతున్నాడు. అప్పుడే బయట నుంచి ఒక కేక. వలల్లోంచి ఏరి పారేసిన జెల్ల చేపమీద పిల్ల చెయ్యి వేసింది. జెల్ల ముల్లు గుచ్చుకున్నవాళ్ళకు తెలుస్తుంది ఆ నొప్పి. మగవాళ్ళు కూడా కింద పడి దొర్లుతారు.

"పిన్నీ!" అని అరిచింది నాంచారి.

పిన్ని చేతిలో రొయ్య ఉంది. తల తీసి తొట్టిలో వేసింది. ఇంకోటి తీసుకుంది.

"పిన్నీ! పిన్నీ!"

"ఎవరిని పిలుస్తుందండీ ఆ పాప?" అన్నాడు ఆయన.

"ఎవర్నోనండీ" అంది పిన్ని. తల ఎత్తలేదు. "ఈ రేవులో అందరూ అందరికీ పిన్నులే. ఎవరో ఒకరు చూస్తార్లెండి." ఇంకో రొయ్య తల తీసింది.

ఎవరో ఒకరు చూశారు. పక్క పీట ఆవిడ పరుగెత్తి పిల్లను ఎత్తుకుంది. నేను కదలలేదు. కదిలితే అనుమానం వస్తుందని కదలలేదనుకుంటాను. అప్పుడు నిజంగా అంత లెక్కగా ఆలోచించానా, లేక కాళ్ళు రాలేదా, ఇన్నేళ్ళ తర్వాత చెప్పలేను. హెడ్డాఫీసు ఆయన తృప్తిగా రాసుకుని, "బంధుత్వం లేదు. స్పష్టంగా కనబడుతూనే ఉంది" అన్నాడు జీపులో.

మర్నాడు ఒక్కదాన్నే మళ్ళీ వెళ్ళాను. నిన్న జీపు మలుపు తిరగ్గానే పిన్ని పిల్లను ఒళ్ళో వేసుకుని, ఓర్చుకోగలిగినంత వేడినీళ్ళలో వేలు ముంచి ఉంచి, తను కూడా ఏడ్చిందని షెడ్డు ఆడవాళ్ళు చెప్పారు. "పిన్నీ అనవే, ఇప్పుడు ఎవరూ లేరు, అనవే" అని బతిమాలిందట. పిల్ల అనలేదు. ఇంకెప్పుడూ అనలేదు.

ఆ తర్వాత రెండేళ్ళు ఏ ఆటంకమూ లేకుండా డబ్బు వెళ్ళింది. నాంచారి నాలుగో తరగతికి వచ్చింది. దస్తూరి ముత్యాల్లా ఉండేది. పిన్ని ఆ నోటుపుస్తకాలు నాకు చూపించేది, మోచేత్తో తిప్పుతూ.

అప్పుడు రూలు మారింది. డబ్బు పంపే పెద్దలకు కొత్త ఆలోచన వచ్చింది: పిల్లలు రక్తసంబంధీకుల దగ్గర పెరగటమే మంచిది, ఇకమీదట సాయం బంధువులకే ముందు. నిన్నటిదాకా తప్పయినది ఒక ఉత్తరంతో ఒప్పయింది. ఈ ఉత్తరం సంగతి ఎవరి ద్వారానో కోడూరు చేరింది. నాలుగేళ్ళుగా వాళ్ళావిణ్ణి అడుగుతున్న మేనమామకు ఆవిడ జవాబు చెప్పింది.

గుడివాడ ఆఫీసుకి అందర్నీ పిలిపించారు. మేనమామ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. "మా అక్క బిడ్డ పరాయి కొంపలో పెరుగుతుంటే నలుగురిలో మాకే చిన్నతనమండీ" అన్నాడు. డైరెక్టరు గారు చెడ్డమనిషి కాదు. నన్ను పక్కకు పిలిచి, "పిల్ల మనసు ఎటుంటే అటే చేద్దాం అమ్మా. ఆవిణ్ణి ఏదో ఒక వరసతో దగ్గరగా చెప్పిందంటే ఇక్కడే ఉంచేద్దాం" అన్నారు.

పిన్ని, నాంచారి వరండాలో బెంచీమీద కూర్చుని ఉన్నారు. రూలు మారిన సంగతి వాళ్ళకు తెలీదు. ఏటా జరిగే తనిఖీ అనుకుంటున్నారు. వెళ్ళి ఒక్కమాట చెప్పటానికి నాకు వ్యవధి ఉంది. ఆఫీసు గది నుంచి ఆ బెంచీకి పది అడుగులు కూడా లేవు.

చెప్పలేదు. ఎందుకంటే ఆ పిల్ల నోట్లో ఒకసారి మాటలు పెట్టినదాన్ని, ఇంకోసారి పెట్టకూడదనుకున్నాను. ఈసారి తను అనుకున్నదే చెప్పాలి, నేను కల్పించుకోకూడదు అని. దాన్ని నేను నిజాయితీ అనుకున్నాను. నా మీద నాకు కొంచెం గౌరవం కూడా కలిగింది ఆ పూట.

లోపలికి పిలిచారు. డైరెక్టరు గారు మెత్తగానే అడిగారు. "అమ్మా నాంచారీ, ఈవిడ నీకేమవుతారు?"

పిల్ల పిన్నివైపు చూసింది. పిన్ని తలవంచి తన చేతులు చూసుకుంటోంది, ఇలాంటప్పుడు ఎప్పుడూ చూసుకునేట్టే.

"ఏమీ కారండీ" అంది నాంచారి. తడబడకుండా, పద్యం అప్పజెప్పినట్టు.

అప్పుడు పిన్ని తల ఎత్తింది. నావైపు చూసింది. ఆ మొహం నేను చచ్చేదాకా మర్చిపోను. పరీక్షలో పిల్ల ఫస్టు వచ్చినట్టు వెలిగిపోతోంది. చూశారా అమ్మా, ఎంత బాగా చెప్పిందో అని కళ్ళతోనే నాతో అంది. నాంచారి భుజం తట్టింది కూడా.

డైరెక్టరు గారు నిట్టూర్చి కలం తీశారు.

"సార్, ఈవిడే పెంచింది సార్" అన్నాను నేను, అప్పుడు.

"మీరే కదమ్మా ఏటేటా రాసి పెట్టింది. ఏమీ కాదని." ఫైలు నావైపు తిప్పారు. నాలుగు కాయితాలు, నాలుగు వేలిముద్రలు, నాలుగింటి మీదా నా దస్తూరి.

ఏం జరిగిందో పిన్నికి అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. మేనమామ పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి నడుస్తుంటే, బస్టాండు దాకా కలిసి వెళ్తున్నారనుకుని తనూ చెప్పులేసుకుంది. నాంచారి గేటు దగ్గర వెనక్కి తిరిగి, "ఇదుగోండి" అని పిలిచింది. "ఊఁ, వస్తన్నా" అంది పిన్ని.

అంతకుమించి ఆ రోజు గురించి రాయలేను.

తర్వాత పిన్ని నెలకోసారి బందరు నుంచి కోడూరు వెళ్ళేది. రెండు బస్సులు మారి, ఆ తర్వాత చెరువుగట్ల మీద నడక. మేనమామకు రొయ్యల చెరువులు. నాంచారి బడి మానేసింది. మేత చల్లటం, పట్టుబడి రోజున రొయ్యలు పట్టడానికి నీళ్ళలో దిగటం, ఏరటం, ఒలవటం. గట్టుమీద పిన్ని కనబడితే మేనమామ భార్య అడిగేదట, "ఎవరు నువ్వు? పిల్లకి ఏమవుతావు?" అని. తెలిసే అడిగేది.

"ఏమీ కానమ్మా. ఊరికే ఇట్టా వచ్చాను" అని, తెచ్చిన మూట గట్టుమీద పెట్టి వచ్చేసేది పిన్ని. మూటలో జంతికలు, రిబ్బన్లు, ఒకసారి కొబ్బరినూనె సీసా. చేతులకు రాసుకోమని.

నేను ఆ ఉద్యోగం మానేసి కాలేజీలో చేరాను. పాఠాల్లో బంధుత్వాల చాప్టరు వచ్చినప్పుడు వేరే మేడమ్‌కి అప్పగించేదాన్ని. దాన్ని ప్రాయశ్చిత్తం అనుకోవటానికి కూడా సిగ్గేస్తుంది.

నాంచారికి పద్దెనిమిది నిండగానే సాయం ఆగిపోయింది. ఆ నెలలోనే మేనమామ బస్సు ఎక్కించాడు. ఆ పిల్ల గిలకలదిండిలో దిగి, షెడ్డు గుమ్మంలో నిలబడి, "ఇదుగోండి" అంది. ఎనిమిదేళ్ళ తర్వాత. పిన్ని "ఊఁ, ఏంటి?" అంటూనే లేచిందట. దగ్గరకొచ్చి మొహం చూడలేదు. రెండు చేతులూ తిప్పి చూసింది. వేళ్ళ సందులు, గోళ్ళు.

"ఎన్ని చేసినా చివరికి నా చేతులే తెచ్చుకున్నావే" అంది. అని నవ్విందట. ఆ మర్నాటి నుంచి ఇద్దరూ పక్కపక్క పీటల మీద.

పోవటానికి కొన్ని నెలల ముందు నేను ఆవిణ్ణి చూడటానికి వెళ్ళాను. మంచంమీదే ఉంది. ఊపిరి అందటం లేదు. నాంచారి నీళ్ళు తేవడానికి వెళ్ళినప్పుడు నన్ను దగ్గరకు రమ్మంది.

"అమ్మా, ఆ కాయితాలు ఇంకా ఉన్నయ్యా మీ ఆఫీసులో?"

"ఉండొచ్చు. నేను అక్కడ లేను కదా పిన్నిగారూ."

"చింపించరూ. నేను పోయినాక అయినా."

సరే అన్నాను. వెళ్ళాను కూడా. పాత ఫైళ్ళు ఎక్కడున్నాయో తెలీదన్నారు. ఆ మాట ఆవిడకు చెప్పలేదు, చింపించానని అబద్ధమూ చెప్పలేదు. ఏదో ఒకటి చెప్పాల్సింది. ఆవిణ్ణి చూసిన ఆ రోజు వెళ్ళబోతూ, "నా మీద కోపం లేదా పిన్నిగారూ?" అని అడిగాను. చచ్చిపోయేవాళ్ళను ఇలా అడగటం ఎంత నీచమో అడిగాక తెలిసింది.

కాసేపు ఊపిరి తీసుకుని, "గడి ఖాళీగా ఉంటే ఎవరైనా రాస్తారు కదమ్మా" అంది. క్షమించిందో, తిట్టిందో తెలీదు. ఆ మాటను రెండు రకాలుగానూ చాలాసార్లు చదువుకున్నాను.

నేను గిలకలదిండి చేరేసరికి పాడె కట్టేశారు. షెడ్డు ఆ పూటకు మూసేశారు. ఆడవాళ్ళందరూ ఉన్నారు. పిన్ని మరిది కొడుకు ముందు నడిచాడు. ఆడవాళ్ళం దింపుడు కళ్ళం దాకే. ఊరు దాటాక సరుగుడు తోట మొదట్లో పాడెను నేలమీదికి దించుతారు. బాగా దగ్గరివాళ్ళు చెవి దగ్గర నోరు పెట్టి, వరసపెట్టి మూడుసార్లు పిలవాలి. ప్రాణం ఏ మూలన్నా మిగిలి ఉంటే ఆ పిలుపుకు పలుకుతుందని ఆశ.

"పెంచిన పిల్ల ఉండగా నేనెందుకు" అని మరిది కొడుకు పక్కకు జరిగాడు.

పెద్దాయన ఒకరు నాంచారిని ముందుకు రమ్మని, "వరసపెట్టి పిలవాలమ్మా. ఏమవుతుంది నీకు?" అని అడిగాడు.

నాంచారి నావైపు చూసింది. ఈసారి నాకు చెప్పే ధైర్యం ఉంది, చెప్పటానికి మాట కూడా ఉంది. కానీ నేను నోరు తెరిచేలోపే పక్క పీట ఆవిడ, జెల్ల ముల్లు నాడు పిల్లను ఎత్తుకున్న ఆవిడే, "పిన్ని అవుద్దయ్యా" అంది గట్టిగా. "పిలవవే. ఇంకెవరొచ్చి అడుగుతారు నిన్ను? పిన్నీ అని పిలువు."

నాంచారి మోకాళ్ళమీద కూర్చుని వంగింది. పెదాలు కలిశాయి. ఆ మాటకు మొదట పెదాలు కలవాలి. కలిసి, అలాగే ఉండిపోయాయి. సరుగుడు చెట్ల హోరు ఒక్కటే వినబడుతోంది.

"ఇదుగోండి" అంది.

వెనక ఎవరో వెక్కిళ్ళు పెట్టారు.

"ఇదుగోండి."

మూడోసారి కొంచెం గట్టిగా పిలిచింది, షెడ్డు గుమ్మంలోంచి పిలిచినట్టు. పిలిచి, తన చెవిని పిన్ని నోటి దగ్గర పెట్టింది. మూడు పిలుపులూ అయ్యాయి కాబట్టి మోసేవాళ్ళు నలుగురూ పాడె ఎత్తడానికి వంగారు. నాంచారి తల ఎత్తకుండానే చెయ్యి పైకి చాపి వాళ్ళను ఆపింది. గోళ్ళు కరిగిపోయిన ఆ చెయ్యి, ఇంకొంచెంసేపు ఆగండి అన్నట్టు, గాలిలో అలాగే ఉంది.